చింతపండుతో తోమిన గొంతు

నేను ఒక శాక్సఫోన్‌ని. ఇత్తడి ఒళ్ళు, వంగిన మెడ, ఉమ్మెత్త పువ్వులా విచ్చుకున్న నోరు. పెళ్ళి ఊరేగింపులో నన్ను చూసే ఉంటారు. పేరు తెలియక 'ఆ వంకర బూరా' అనుకుని ఉంటారు. ఫర్వాలేదు, అలవాటే.

ఎక్కడో చలిదేశంలో పుట్టి ఓడెక్కి విశాఖపట్నం వచ్చాను. మొదట నన్ను కొన్నవాడు డెంజిల్ అనే రైల్వే గార్డు. శనివారం సాయంత్రాలు క్లబ్బులో ఆయన వాయించేది జాజ్. ఒక పాటను ముందు ఉన్నదున్నట్టు పలికించి, తర్వాత దాన్ని తనకు తోచిన సందులన్నీ తిప్పి, మళ్ళీ ఇల్లు చేర్చడం ఆ సంగీతం పద్ధతి.

ఆయనకు జుట్టు కత్తిరించడానికి వరహాలు వచ్చేవాడు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ చేతిలో కత్తి, నోట్లో సన్నాయి. నడుముకి ఎప్పుడూ ఒక వెదురు వేణువు దోపుకుని ఉండేవాడు. ఒకనాడు డెంజిల్ కూనిరాగం తీస్తుంటే కత్తెర ఆపేశాడు.

"మా నాయన రాగం తీసినట్టే ఉందండి దొరగారూ. ఆయనా ఇలాగే తప్పిపోయినట్టు తిరిగి తిరిగి ఇంటికొచ్చీసేవోడు."

సగం కత్తిరించిన తలతోనే డెంజిల్ లేచి నన్ను అతని చేతిలో పెట్టాడు. కొన్నేళ్ళకు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ నన్ను అతనికే ఇచ్చేశాడు. అలా నేను క్లబ్బు నుంచి పెళ్ళిళ్ళ బ్యాండులోకి వచ్చాను.

"పెళ్ళోళ్ళు అడిగిన పాట ఊదరా వరహాలూ. నీ తిప్పుళ్ళు ఎవుడిక్కావాల?" అనేవాడు బ్యాండు మేస్త్రీ.

కానీ అప్పగింతల వేళ ఫలానా పాట కావాలని ఎవరూ అడగరు. మేస్త్రీ బీడీ వెలిగించుకుని పక్కకు వెళ్ళేవాడు. అప్పుడు వరహాలు పందిరి బయట నిలబడి తన సొంత పాట ఎత్తుకునేవాడు. వేణువుతో మొదలుపెట్టి నాతో ముగించేవాడు. రోజుకో రకంగా వాయించేవాడు. లోపల ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకునేవారు. పులిహోరలో ఉప్పు తగ్గితే వంటవాడి పేరు కనుక్కునే జనం, తమను అంతగా ఏడిపించిన మనిషి పేరు మాత్రం ఏనాడూ అడగలేదు.

ఒక ఏడు బొంబాయి నుంచి జాజ్ బృందం ఒకటి వచ్చి బీచి హోటల్లో దిగింది. వాళ్ళలో శాక్సఫోన్ వాయించేవాడు మానేశాడట. దసరా మర్నాడు వచ్చి వినిపించమని, నచ్చితే వెంట తీసుకువెళతామని, పాత క్లబ్బువాళ్ళు చెప్పగా విని, వరహాలుకు కబురు పెట్టారు. కుర్చీల్లో కూర్చుని తన పాట చివరిదాకా వినే మనుషులు దొరుకుతారని అతను మొదటిసారి ఆశపడ్డాడు. పెళ్ళాం పైడమ్మకు ఆ సంగతే చెప్పాడు.

దసరా అంటే ఆయుధపూజ. కత్తి, కత్తెర, సన్నాయితో పాటు నేనూ పీట ఎక్కాలి. వరహాలు పువ్వులు తేవడానికి బజారుకు వెళ్ళాడు. పైడమ్మ నన్ను బిందెలతో పాటు నూతి దగ్గరికి తీసుకువెళ్ళి, చింతపండు, బూడిద పట్టించి తోమింది. చేదల కొద్దీ నీళ్ళు పోసి కడిగింది. పసుపు రాసి బొట్టు పెట్టింది. అంత ప్రేమగా నన్నెవరూ తాకలేదు. కానీ నా మీటల కింద గాలిని బిగబట్టే మెత్తటి తోలు బిళ్ళలుంటాయి. అవి కడుపునిండా నీళ్ళు తాగాయి.

"ఎలాగుంది మావా? రేపు దొరల ముందర మాసిపోయి ఉంటే బాగుంటాదేటి?"

పువ్వులతో తిరిగొచ్చిన వరహాలు ఒక మీట నొక్కి చూశాడు. ఆమె ముఖం చూశాడు.

"బంగారంలాగుందే," అన్నాడు.

మర్నాడు హోటల్లో నాలోంచి బుసలు తప్ప ఏమీ రాలేదు. బృందం నాయకుడు వాచీ చూసుకున్నాడు. వరహాలు నన్ను కుర్చీలో పడుకోబెట్టి నడుములోంచి వేణువు తీశాడు. డ్రమ్ములవాడు టీ తాగడం మరిచిపోయాడు. చివరిదాకా విని నాయకుడు అన్నాడు, "బాగుంది. కానీ మాకు కావలసింది శాక్సఫోన్."

"ఏటన్నారు?" గుమ్మంలోనే అడిగింది పైడమ్మ.

"ఆల్లకి మనిసి దొరికీసేడంట."

అంతే. మరెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తండ్రి కత్తి నూరుకున్న తోలుపట్టీని ముక్కలు కోసి, పాడైన బిళ్ళల చోట అతికించాడు. నా గొంతు తిరిగి వచ్చింది గాని మునుపటిది కాదు. బాగా ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి మాట్లాడే మనిషి గొంతు అది. వరహాలు పోయేదాకా అప్పగింతలన్నిటికీ ఆ గొంతే పలికింది.

అతను పోయాక చాలా కాలం దూలానికి వేలాడాను. ఒకరోజు హైమవతి అనే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తన పెళ్ళి వీడియోను ఫోన్లోకి ఎక్కించుకుని తెచ్చింది.

"అప్పగింతల్లో ఈ పాట వాయించినదెవరో, పాత బ్యాండువాళ్ళని అడిగితే ఇన్నాళ్ళకు తెలిసిందండీ. ఆయన మోచెయ్యి తప్ప ఏమీ కనపడదు."

"మోచెయ్యి సాలమ్మా, నాకు తెలుస్తాది," అంది పైడమ్మ. అప్పుడు మొదటిసారి ఆమె ఆ పాటను కూర్చుని, చివరిదాకా వింది.

నన్ను బాగు చేయించి తన దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలకు చూపించాలని హైమవతి ఆశ. వెంట ఒక మరమ్మతు మనిషిని తెచ్చింది. అతను మీట విప్పి, లోపలి నుంచి ఎండిన చింతపండు పీచు లాగాడు.

"ఎవరో దీన్ని చింతపండుతో తోమారండీ. నీళ్ళు దిగి అసలు తోళ్ళు పాడైతే ఏవో ముక్కలు అతికించారు. అన్నీ మార్చేద్దాం, కొత్త గొంతు వస్తుంది."

పైడమ్మ ఆ పీచును అరచేతిలో వేసుకుని చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ వేల హోటలుకాడ నువ్వు పలకలేదేటి?"

నోరుండీ, ఊదేవాడు లేనిదే మాట రాని పుట్టుక నాది.

"బాబూ, ఈ ముక్కలు మార్సేత్తే ఆ పాట ఆ ఫోన్లో ఇన్నట్టే ఇనిపిత్తాదా?"

"అలా వినిపించదమ్మా."

"అయితే ఒద్దు."

హైమవతి కూడా అదే మంచిదంది. ఇప్పుడు ఆమె పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, ముందు వీడియోలో మోచెయ్యి చూసి, వరహాలు పేరు చెప్పుకుని, తర్వాత నన్ను ఊదుతారు. ఎవరూ ఇంకా సందులు తిరిగి ఇల్లు చేరలేదు. చేరతారేమో.

ఈ దసరాకీ పైడమ్మ బిందెలు, గంట, కుందులు చింతపండుతో తళతళలాడేలా తోమింది. నన్ను మాత్రం వరహాలు పాత పంచె ముక్కతో పొడిగా తుడిచి, వాటి మధ్య నల్లగా నిలబెట్టి, బొట్టు పెట్టింది.