లాభం, రెండు, మూడు

“ఇవెన్నో లెక్కపెట్టు బిడ్డా” అని ఇనాయతుల్లా సార్ చింతగింజలు ముందు పోశారు. ఉర్దూ బడి తెలుగు బడిగా మారిన కొత్త రోజులవి.

బుచ్చవ్వ ఒక్కో గింజనూ జరుపుతూ, “లాభం, రెండు, మూడు...” అంది.

“లాభమా? బడికొచ్చినవా, దుకాణం పెట్టినవా?”

పిల్లలు గొల్లుమన్నారు. మళ్లీ అడిగితే మళ్లీ లాభమే. ఒకటి రాని పిల్లకు ఒకటో తరగతి ఎక్కడిది? వచ్చే ఏడు చూద్దామన్నారు సార్. లాభంతో మొదలుపెట్టిన పిల్ల లాభం లేదనిపించుకుని ఇల్లు చేరింది.

మగ్గం గుంటలోంచి తండ్రి పర్శరాములు తల ఎత్తలేదు. “ఇగ బడెందుకు? రేపటి సంది మగ్గానికి నూలు కండెలు సుట్టమను.”

పొద్దంతా రాట్నం తిప్పిన తల్లి దేవవ్వకు ఎదురు చెప్పే ఓపిక ఏది? కండెల ముందు కూర్చున్న ఆడపిల్ల మళ్లీ లేవదని మాత్రం ఆమెకు తెలుసు. తానూ అట్లా కూర్చున్నదే.

మరునాడు అంగడి. దారిలో పిల్ల తల్లిని అడిగింది. “అవ్వా, లాభం అన్నంక రెండెందుకంటరు?”

“నోర్మూసుకొని నడువు. జర పానం తీయకు.”

ప్రతి అంగడికీ అదే ప్రశ్న, అదే జవాబు.

ఆ రోజు అంగట్లో జొన్నల కుప్ప దగ్గర సార్ కనిపించారు. బేగం పుట్టింటికి పోవడంతో, పట్నంలో పెరిగిన ఆయన మొదటిసారి సంచి పట్టారు. జొన్నలమ్మే మల్లన్న మానికతో కొలిచి పోస్తున్నాడు. “లాభం... రెండు... మూడు...”

“ఆగు భయ్యా! ఒకటేది?”

“మొదటి మానికను ఒకటి అనం సార్, లాభం అంటం. బర్కత్ ఉండాలె గద, సిరి పెరగాలె!”

సార్ ఉలిక్కిపడ్డారు. పక్కనే బుచ్చవ్వ మల్లన్నతో పాటు పెదవులు కదుపుతోంది. కొలవడం ఆగగానే వంగి అడిగారు. “సంచిల ఎన్ని పడ్డయి బిడ్డా?”

“ఆరు సార్. లాభంతోని కలిపి.”

ఆయన చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా అన్నారు. “నిన్న గీ పిల్లకు లెక్క రాదని ఎల్లగొట్టిన. లెక్క వచ్చు. ఒకటికి గీడ లాభమని పేరున్నదని నాకే తెల్వలే. రేపు పంపు దేవవ్వా, పర్శరాములుతోని నేను మాట్లాడుత. గని, లాభం అంటే ఒకటని పిల్లకెవ్వరు చెప్పలేదా?”

“అడిగింది సారూ. నాకే ఓపిక లేకుండె.”

“నాకూ నిన్న లేకుండె” అన్నారు సార్ మెల్లగా.

అయ్యలారా, అమ్మలారా! పిల్లల్ని అంగడికి వెంట తిప్పితే సగం చదువే. మిగతా సగం వాళ్లడిగిన దానికి మనం చెప్పే జవాబులో ఉంది.

తిరుగుదారిలో తల మీది గంప బరువుకు దేవవ్వ మెడ లాగుతోంది. “అవ్వా, గా బండికెన్ని ఎడ్లు?” అంది పిల్ల.

దేవవ్వ నిలబడింది. “లెక్కపెడుదాం పా. గీసారి ఒకటి కాడి నుంచి.”