కళ్ళకద్దుకోని హారతి

నేను ఒక ఇత్తడి హారతిపళ్ళేన్ని. కంచరి ఒకాయన పాత బిందెను కరిగించి, ఆ ఇత్తడితోనే నన్నూ, ఒక ఉమ్మితొట్టినీ చేశాడు. నేను సముద్రపొడ్డున ఒక పల్లెలో నూకాలమ్మ గుడికి చేరాను, అది ఎవరో కామందు అరుగు మీదికి పోయింది. నన్ను చూస్తే జనం చెప్పులు విడుస్తారు, దాన్ని చూస్తే ఉమ్ముతారు. మా ఇద్దరిలో తేడా ఏమిటో మాకైతే తెలియదు, మనుషులకే తెలుసు కాబోలు.

గుడి ఊడ్చి, నన్ను చింతపండుతో తోమే పని పోలమ్మది. మొగుడు వేటకెళ్ళి సముద్రంలోనే పోయాడు. ఆమెకు మిగిలింది ఒక్క కూతురు. మహాతల్లి, నా ఒళ్ళు అరిగిపోయేటట్టు తోమేది! అయినా ఆ చేతులంటే నాకు ప్రాణం.

ఒక మధ్యాహ్నం గుడిలో ఎవరూ లేనప్పుడు ధర్మకర్త తమ్ముడు దానయ్య వచ్చాడు. అమ్మవారి వెండి కళ్ళు రెండూ ఊడబెరికి నా మీద పెట్టి, తువ్వాలు విప్పి, అందులో మూటగట్టుకుని పోయాడు. చూసినదాన్ని నేనొక్కదాన్నే.

సాయంత్రానికి ఊరు గొల్లుమంది. గుడిలోకి వచ్చేపోయే వాళ్ళందరూ ప్రమాణం చెయ్యాలన్నారు. ఎడమచెయ్యి కన్నబిడ్డ నెత్తిన పెట్టి, కుడిచేత్తో నా మీద వెలిగే కర్పూరం ఆర్పి, తీయలేదని చెప్పాలి. అబద్ధమైతే బిడ్డ దక్కదని వాళ్ళ నమ్మకం. దానయ్య ముందుకొచ్చాడు. కొడుకు నెత్తిన చెయ్యేసి, దోమను చంపినంత తేలికగా మంట ఆర్పేశాడు. అరచెయ్యి కాలింది నిజమే. నేను ఎవరి చెయ్యయినా కాలుస్తాను, అదేం తీర్పు కాదు. ఆ పిల్లాడికి తరవాత జలుబైనా చెయ్యలేదు. పాపం, వాడికెందుకు చెయ్యాలి?

పోలమ్మ వంతు వచ్చింది. కూతుర్ని కొంగుచాటున పెట్టుకుని కదలకుండా నిలబడిపోయింది.

“తియ్యకపోతే నీకు భయమేటే?” అన్నాడు ధర్మకర్త.

“నాను తియ్యనేదు బాబూ. నిజవైనా సరే, బిడ్డ మీద ఒట్టెయ్యను. పిల్ల పేనాన్ని పందెం ఎట్టమంటారేటి?”

అంతే, దొంగ దొరికిందన్నారు. తెల్లారేసరికి ఊరు విడిచి పొమ్మన్నారు.

ఇంకా ఎవరూ లేవకముందే ఆ పిచ్చితల్లి గుడికొచ్చింది. ఆ ఒట్ల మసంతా పోయేదాకా నన్ను తోమి, తుడిచి, బోర్లించింది. కళ్ళు లేని అమ్మవారి వంక చూసి, “ముందు నీ కళ్ళే పీకీసినారు గదమ్మా. నాను తియ్యనేదని మరి నువ్వు మాత్రం ఎలాగ సూస్తావు?” అంది.

నేను చూశానే పోలీ, అని అరవాలనిపించింది. ఇత్తడికి నోరెక్కడిది?

ఏళ్ళు గడిచాయి. దానయ్య పెద్దమనిషి అయ్యాడు, అమ్మవారికి బంగారు కళ్ళు చేయించాడు. ఊరంతా ఆహా ఓహో అంది. హారతి తిప్పి నన్ను జనంలోకి తెచ్చారు, అందరూ కళ్ళకద్దుకున్నారు. తన దగ్గరికి వచ్చేసరికి దానయ్య చెయ్యి లేచి, సగంలో ఆగిపోయింది. “నాకు పొగ పడదురా,” అని మొహం తిప్పుకున్నాడు. చచ్చేదాకా మళ్ళీ నా మంట మీద చెయ్యి పెట్టలేదు.

ఇప్పుడు నాకు చిల్లు పడింది. పాతసామాన్ల కొట్లో గుట్టలో పడి ఉన్నాను. పక్కన సొట్టలు పోయిన ఉమ్మితొట్టి ఒకటుంది, నా తోడబుట్టిందో కాదో. తప్పూ ఒప్పూ కూడా మాలాగే మనుషులు పోతపోసుకున్నవేనని చాలాకాలం అనుకున్నాను. మరి ఎవరికీ తెలియని తప్పుకు ఆ చేతిని ఎవరు ఆపారు? ఎంత ఆలోచించినా తేలడం లేదు. పోనీ, మనుషులకు పైన ఏదో ఉందనే అనుకుందాం. అది దానయ్య చెయ్యి పట్టుకుని ఆపగలిగింది గానీ, ఏ ఊళ్ళో పాచిపని చేసుకుంటోందో, పోలమ్మను మాత్రం వెనక్కి పిలిపించలేకపోయింది. ఆ పల్లెలో ఆమె ఈరోజుకీ దొంగే.