పదకొండో దూకుడు

ఇస్సాకు ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో మళ్లీ మొదలుపెట్టాడు. బహదూర్‌పురా చర్చిలో ఉదయం ఆరు గంటలు. పియానో మెట్ల మీద చిటికెన వేలు పైస్వరాన్ని తాకగానే బొటనవేలు కిందికి దూకాలి. పదహారు దూకుళ్లు, ఊపిరి తీసుకునే చోటు లేదు. పదకొండోది తప్పింది. ముప్పై నాలుగేళ్లుగా పదకొండోదే తప్పుతోంది. కుర్రతనంలో సంగీత పరీక్షలో అతను ఆగిపోయిందీ అక్కడే.

పరీక్ష పెట్టినవాడే చెవిటివాడని ఇస్సాకు తేల్చుకున్నాడు. అతని లెక్కలో, ఆదివారాలు కీబోర్డు వాయించే సామ్యూల్ వట్టి బటన్లు నొక్కేవాడు. పాడే సంఘం మేకల మంద. ఉత్తరాలు వేరుచేసే తపాలా ఉద్యోగం తనకు జరిగిన అవమానం.

చర్చి ఊడ్చే కాశమ్మ చీపురు ఆపింది.

"సారూ, గా చిన్నేలు ఉర్కుతున్నది. జర ఆగి పొమ్మనుండ్రి."

"ముందుగాల గా మూలకు దుమ్ము జూడు. సంగీతం నాకు జెప్తవా?"

"ఇరవై ఏండ్ల సంది ఇంటున్న గద సారూ."

"గోడలు గూడ ఇంటున్నయ్."

ఆమె మూలకు వెళ్లి మళ్లీ ఊడ్చింది.

ఆఫీసులో పక్కసీటు జగదీశ్వర్ అడిగిందేదీ ఇస్సాకు చెవికెక్కలేదు. చిన్నేలు ఉరుకుతున్నదట! బల్ల అంచు మీద వేళ్లు ఆడించి చూశాడు. నిజంగానే ఉరుకుతోంది. ఎవరైనా చూశారేమోనని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం అతను చర్చికి వచ్చేసరికి కాశమ్మ వెనకబెంచీ మీద, పక్కన స్టీలు పళ్లెం పెట్టుకుని, గోడకానుకుని ఉంది.

"పానం మంచిగ లేదు సారూ. జర కూసుంట."

"కూసో. చప్పుడు జెయ్యకు," అన్నాడు, ఆమె వైపు చూడకుండానే.

పదకొండో దూకుడు ముందు వేలిని రవ్వంత నిలిపాడు. పడింది. మళ్లీ వాయించాడు. పడింది. రెండు చేతులూ కలిపి పేజీ చివరిదాకా పోయాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. అనాల్సిన మాట సిద్ధం చేసుకుని వెనక్కి తిరిగాడు.

"ఇన్నవా? నువ్వు జెప్పినవని గాదు. నాకు నేనే దొరకబట్టిన."

ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"పండుకున్నవా? ఇంటున్న అంటివి గద!"

దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు. చెయ్యి బెంచీ మీదినుంచి కిందికి జారి వేలాడింది.

కాసేపటికి సామ్యూల్, మరో నలుగురు వచ్చి ఆమెను ఎత్తుకున్నారు.

"పోయెటప్పుడు ఏమన్న అన్నదా అన్నా?" అని సామ్యూల్ అడిగాడు.

"లేదు," అన్నాడు ఇస్సాకు. "చప్పుడు జెయ్యొద్దన్న. జెయ్యలే."

వాళ్లు వెళ్లాక బెంచీ మీద స్టీలు పళ్లెం మిగిలింది. అందులో చిక్కుడుకాయలు, సగం ఈనె తీసి వదిలేసిన కాయ ఒకటి పైన.