ఎడమకు లాగే గేరు రాడ్డు

లోపలి గదిలో విమానం మళ్లీ కూలింది. ఆ ధడేల్‌మన్న చప్పుడు విన్నాక కోటిరత్నం చేతులు కాయల మీదే ఆగిపోయాయి. ఇప్పుడు లోపలున్న మొగుడు విసుక్కోవాలి. విసుక్కుంటేనే బతికున్నట్టు.

"దీని దుంపతెగ!" అని ముద్దముద్దగా వినిపించింది.

ఆమె ఊపిరి వదిలి మళ్లీ పనిలో పడింది. వరండాలో పట్టా పరిచి, గోతాం కుమ్మరించి, ఎండు మిరపకాయల ముచ్చికలు తీయడం ఆమెకు ఏళ్లనాటి పని. ఎడమ చేత్తో కాయ పట్టుకోవడం, కుడి బొటనవేలి గోటితో ముచ్చిక గిల్లడం, కాయను ఇటూ ముచ్చికను అటూ వేయడం. ఎంత ఆముదం రాసుకున్నా మంట మంటే. వేలి కొసల్లో గీతలన్నీ అరిగి నున్నబడిపోయాయి. రేషన్ ఇచ్చేచోట మిషను మీద వేలు పెడితే అది ఆమెను ఎరగనంటుంది. ముక్కుకి చీర చెంగు అడ్డం కట్టుకుంటుంది గానీ చెవుల మీదికి మాత్రం రానివ్వదు. ఆమె కాపురమంతా చెవుల మీదే నడిచింది మరి.

బుల్లయ్య చీమకుర్తి నుంచి గ్రానైట్ బండరాళ్లు వేసుకుని ఓడరేవుకి లారీ తోలేవాడు. అంతంత రాయి వీపు వెనకాల పెట్టుకుని మొగుడు ఎక్కడో మలుపు తిరుగుతుంటే, సత్తెనపల్లి పక్కన ఈ పల్లెలో కూర్చున్న పెళ్లానికి నిద్రెలా పడుతుంది? బ్రేకు వేస్తే రాయి ముందుకి జారి కేబిన్‌ని నలిపేసిన కథలు ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ఊరి మొదట్లో ఆయన హారన్ రెండుసార్లు మోగేది. అది వినిపించేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు.

రాయి ఏనాడూ జారలేదు. ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ ఆయనే జారి పడ్డాడు. పక్షవాతం. కుడికాలు కొంత తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం వణుకుతూ కొద్దిగా కదులుతుందంతే. "ఇంకోసారి వస్తే మాత్రం వెంటనే తీసుకురావాలమ్మా, ఆలస్యం చేస్తే మేం కూడా ఏం చేయలేం" అన్నారు ఆసుపత్రిలో. అప్పటిదాకా రోడ్ల మీద తిరిగిన భయం ఆ మాటతో ఇంట్లోకొచ్చి కూర్చుంది. పక్కనే కూర్చుని కనిపెట్టుకుందామంటే మిరప ఘాటు ఆయనకి పడదు. ఆమె గుమ్మంలోకి వస్తేనే దగ్గుతూ, "అక్కడే ఆగవే, ముందు చేతులు కడుక్కో" అంటాడు. అందుకని ఆమె వరండాలో, ఆయన గదిలో. మధ్యన కాపలా ఆమె చెవులు.

ఈ విమానం సంగతికొస్తే, అది చైతన్యకృష్ణ తెచ్చి పెట్టింది. వాళ్ల నాన్న బుల్లయ్య దగ్గరే క్లీనరుగా చేరి స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. కొడుకు ఇప్పుడు సత్తెనపల్లి బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేస్తాడు. చేతికి కసరత్తుగా పిసకమని డాక్టరమ్మ ఇచ్చిన రబ్బరు బంతిని బుల్లయ్య గోడకేసి కొట్టాడని విని, పాత కంప్యూటరొకటి మోసుకొచ్చాడు. లారీ ఆట పెట్టబోతే బుల్లయ్య మొహం తిప్పుకున్నాడు. అప్పుడు విమానం పెట్టాడు. దాన్ని నడిపేందుకు నల్లటి దిమ్మ మీద నిలబడిన పిడి ఒకటి తెచ్చాడు. డబ్బా మీద జాయ్‌స్టిక్ అని ఉంది గానీ కోటిరత్నానికి అది అచ్చం గేరు రాడ్డే.

వైరు వెనకాల గుచ్చి, తెర మీద గడిలో చుక్క చూపించి, "బాబాయ్, దీన్ని నాలుగు పక్కలా చివరిదాకా తిప్పి వదిలెయ్. నీ చెయ్యి ఎంతవరకు పోద్దో అది నేర్చుకుంటుంది" అన్నాడు చైతన్యకృష్ణ. చెయ్యి వణికినా విమానం వణక్కుండా దాని చురుకు తగ్గించాడు. ఆట మొదలెట్టగానే చీమకుర్తి క్వారీల మీద గాల్లో ఉండేటట్టు సర్దాడు. కింద సన్నగా ఒంగోలు రోడ్డు. అది చూసి బుల్లయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"పైనుంచి చూస్తే గుంటలే లేవు కదరా రోడ్డు మీద!"

ఆ రోజు నుంచి రోడ్డు వదలకుండా దాని మీదుగానే తోలడం ఆయన పద్ధతి. సముద్రం వైపు పోనిచ్చేవాడు కాదు. ఒంగోలు కనపడగానే వెనక్కి తిప్పుకునేవాడు. కింద దారి లేకపోతే బండి ఎవడు తోలతాడనేవాడు.

కొత్త బండి ఇంటికొస్తే ఏం చేస్తారో కోటిరత్నం కూడా అదే చేసింది. ఆయన నిద్రపోతున్నప్పుడు పిడికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం తిప్పి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లింది. లారీ ఇనుముకైతే కొబ్బరినీళ్లు ఏం చేస్తాయి? ఇక్కడ మాత్రం రాడ్డు మొదట్లో ఉన్న సందులోంచి నీళ్లు దిగాయి, వెంట కుంకుమా దిగింది. లోపల ఏది ఎండి ఎక్కడ అంటుకుందో ఏమో, ఆనాటి నుంచి విమానం ఎడమకు లాగడం మొదలెట్టింది. చెయ్యి తీస్తే చాలు, ఒక పక్కకి ఒరిగి, కీచుమని అరిచి, కూలిపోయేది.

"నా చెయ్యేనే రత్నం. దీని వంకరే ఆ రాడ్డు నేర్చుకుంది. ఇది ఇంక బాగుపడే చెయ్యి కాదు" అన్నాడు బుల్లయ్య.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ దేవుడి పేరు మీద చేసిన పని బెడిసిందని పైకి ఒప్పుకుంటే ఇంకేం మూడుతుందోనని మింగేసింది. ఆయన రోజూ తన చేతిని తనే తిట్టుకుంటుంటే వరండాలో ఆమెకు మిరపకాయలు కనపడేవి కావు. చివరికి ఉండబట్టలేక నిన్న చైతన్యకృష్ణకి ఫోను చేసి, సంగతి చెప్పకుండా, ఒకసారి వచ్చి చూడమంది.

అతను ఈ పూట కాఫీల వేళకి వచ్చాడు. మరలు విప్పి అడుగు రేకు తీయగానే ఎర్రగా కట్టిన మడ్డి కనిపించింది. అతను తలెత్తి గుమ్మంలో నిలబడ్డ కోటిరత్నాన్ని చూశాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

"ఏందిరా అది?" అన్నాడు బుల్లయ్య.

"దుమ్ము బాబాయ్. మీ ఊరి ఎర్రమట్టి దుమ్ము. దీనివల్లే ఇన్నాళ్లూ ఎడమకి లాగింది."

"దుమ్మా?" బుల్లయ్య కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని దానికేసి చాలాసేపు చూశాడు. "నా చెయ్యి కాదా?"

"నీ చెయ్యి బంగారం బాబాయ్."

స్పిరిట్‌లో ముంచిన దూదితో లోపలంతా తుడిచి, మరలు బిగించి, నాలుగు పక్కలా తిప్పించి వదిలేయిస్తే తెర మీద చుక్క నడిమధ్యలోకి వచ్చి నిలబడింది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర, "పిన్నీ, ఈసారి బొట్టు గోడకి పెట్టు" అన్నాడు నవ్వుతూ. ఆమెకు నవ్వు రాలేదు, కళ్లల్లో నీళ్లొచ్చాయి. మిరప చేతులతో తుడుచుకోకూడదు గనక అలాగే కారనిచ్చింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక బుల్లయ్య మళ్లీ కూర్చున్నాడు. విమానం ఒకటే మోతతో సాగింది. అరుపు లేదు, కూలడం లేదు.

"ఇదిగో రత్నం! చూడవే, చెయ్యి తీసినా పోతంది!" అని ఒకసారి కేకేశాడు. ఇన్నేళ్లలో అంత సంబరంగా ఆయన గొంతు వినలేదామె. సంతోషం వేసింది, వెనకాలే భయం వేసింది. అంత సంతోషం ఆమెకు అలవాటు లేదు.

పక్కింటి సిద్దికా కూడా తన గోతాం ఈడ్చుకొచ్చి పట్టా మీద కూర్చుంది. ఇద్దరూ కలిసి ముచ్చికలు తీస్తే పని తెలియదు.

"ఏందక్కా, ఇయ్యాల బావగారు ఎక్కడా గుద్దలేదే?"

"లైసెన్సు వచ్చిందిలే" అంది కోటిరత్నం.

సిద్దికా పగలబడి నవ్వింది. కోటిరత్నమూ నవ్వింది. లోపల మోత ఎక్కడా తెగకుండా, ఘాట్ రోడ్డు దాటి చదునుకొచ్చిన లారీలా హాయిగా సాగుతోంది. వింటుంటే ఆమె భుజాలు వాటంతటవే దిగాయి. మామూలుగానైతే గోతాంలో పావు వంతు అయ్యేలోపు ఏదో వంకన లేచి గుమ్మం దాకా వెళ్లొచ్చేది. ఈ రోజు లేవబుద్ధి కాలేదు. హారన్ కోసం మేలుకున్న రోజులన్నీ సిద్దికాకి చెప్పుకొచ్చింది. ఇంకెవరి గురించో చెబుతున్నట్టు తేలిగ్గా చెప్పింది. గోతాం ఖాళీ అయింది. ఎండ వరండా దిగి వాకిట్లోకి పోయింది.

"ఏవయ్యా, టీ పెట్టనా?" అంది కూర్చున్నచోటి నుంచే.

మోత వినిపిస్తోంది. ఆటలో పడి వినలేదనుకుంది. ముచ్చికలు చేటలోకి ఎత్తి, పట్టా దులిపి, మళ్లీ పిలిచింది. మోత మాత్రం వినిపిస్తోంది.

గుమ్మంలోకి వెళ్లింది. ఆయన దగ్గలేదు. అక్కడే ఆగమనలేదు. కుర్చీలో తల ఒక పక్కకి వాల్చి, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కోటిరత్నం తెర వైపు చూసింది. తెర నిండా నీళ్లు. ఎంత వెతికినా రోడ్డు లేదు. ఒంగోలు ఎప్పుడో దాటిపోయింది. ఎవరూ తోలకుండా, విమానం సముద్రం మీద తిన్నగా పోతూనే ఉంది.

కాపురానికొచ్చాక మొదటిసారి చేతులు కడుక్కోకుండా ఆయన చెంప ముట్టుకుంది. గట్టిగా రుద్దింది. పెదాల మీద, కళ్ల మీద ఆ మంట చేతులు పెట్టింది. తిట్టమని బతిమాలింది. చెంప చల్లగా ఉంది. ఆయన మొహం పక్కకి తిప్పుకోలేదు.

బాగుచేయించకపోయుంటే విమానం ఎప్పుడో ఒరిగేది. అరిచేది. ఆ అరుపుకి తను పరుగెత్తుకొచ్చేది. ఇన్నాళ్లూ తను తిట్టుకున్న ఆ కొబ్బరినీళ్లే తనకి హారన్ కొట్టాయని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ తెలియడం తట్టుకోలేక, "ఒక్కసారి గుద్దవయ్యా, ఒక్కసారి గుద్దు" అని కేకపెట్టింది. ఆ కేకకి సిద్దికా పరుగెత్తుకొచ్చింది.

చీకటి పడేలోపు వాకిలి జనంతో నిండింది. బుల్లయ్యను వరండాలో, మిరపకాయలు పోసే చోటనే పడుకోబెట్టారు. చైతన్యకృష్ణ లోపలికి వెళ్లి కంప్యూటరు ఆపాడు. మోత ఆగింది. బల్ల మీద రాడ్డు ఎటూ ఒరగకుండా నిటారుగా నిలబడి ఉంది, పిడి మీద మీట సందులో, దూది అందని చోట, చిటికెడు కుంకుమతో.