మా ఆవిడ ముక్కు

ఈ వేసవిలో నేను తిన్నన్ని రకాల ఆకులు ఏ మేకా తిని ఉండదు. నవ్వకండి. మెకానిక్కుని, పొద్దస్తమానం లారీల కింద దూరి పనిచేసేవాణ్ణి. ఇంటికొచ్చేసరికి ఆకలి నకనకలాడుతుంటుంది. కంచంలో ఏమున్నా తినక ఛస్తానా?

మా ఆవిడ ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. గిన్నె మూత తీసి, ఆవిరి పీల్చి, ఏం తక్కువైందో చెప్పేసేది. చలికాలం చివర్లో ఆవిడకు జ్వరం వచ్చింది. అది తగ్గింది కానీ, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. వాసనతోపాటు రుచీ పోయింది. "రావచ్చు, ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు. ఓపిక సంగతి మా ఆవిడకు ఒకరు చెప్పాలా, నాతో ఇన్నేళ్లు కాపురం చేసింది! క్యాంటీన్‌లో మాత్రం ఒంట్లో నీరసమని చెప్పి సెలవు పెట్టింది. అసలు సంగతి బయటపెట్టలేదు. వాసన తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు?

ఊరికే కూర్చునే ఒళ్లు కాదు ఆవిడది. "కొన్నవన్నీ మట్టి నమిలినట్టే ఉన్నాయండీ. కొత్త ఘాటేదైనా తగిలితే ముక్కు తెరుచుకుంటుందేమో" అంటూ సంచి పట్టుకుని బయలుదేరింది. రైలుకట్ట పక్కన, పార్కు గోడ వెనక, ఇంకా ఇళ్లు కట్టని జాగాల్లో తిరిగింది. బాగా తెలిసిన మొక్కల జోలికి తప్ప పోయేది కాదు, అదొక్కటే నా అదృష్టం. గంగవావిలి, పులిచింత, కోసేవాళ్లు లేక నేలరాలే మల్బరీ పండ్లు తెచ్చేది. వేయించింది, ఊరబెట్టింది, ఎండబెట్టి పొడి కొట్టింది. మా అత్తగారు చూసి, "ఒసేవ్, అల్లుణ్ణి మందలో తోలేస్తావా ఏమిటే?" అని మొత్తుకుంది. రుచి చెప్పే ఉద్యోగం మాత్రం నాదే.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండం."

"మరి ఇది?"

"ఇది ఇంకా బ్రహ్మాండం."

నాలుగు రోజులు కాకుండానే దొరికిపోయాను. గంగవావిలి కూరలో కావాలనే ఉప్పు వేయడం మానేసిందట. నేను లొట్టలేసుకుంటూ మారు వడ్డించుకున్నాను. ఆవిడ గరిటె కింద పెట్టింది.

"అందులో ఉప్పు లేదండీ."

నేను ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాచాను.

"ఇప్పుడు నాకున్నది మీ నాలుకొక్కటే. అదీ అబద్ధమాడితే నేనెవర్ని అడగను?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకేమో ఒళ్లు మండింది. నొప్పించకూడదనేగా అన్నాను! అయినా ఆ రోజు నుంచి ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. వంటింటి మాటలు నాకు రావు. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పినట్టే చెప్పేవాణ్ణి. "పులుపు స్టార్టింగులోనే అందుకుంది. మధ్యలో బండి ఆగిపోయింది. చివర్లో గొంతు దగ్గర ఓ వగరు బ్రేకు పట్టేసింది." ఆవిడ కళ్లు మూసుకుని వినేది. "అయితే పులిచింత తగ్గించి కాస్త బెల్లం వేయాలి" అనేది. వేసేది. బండి కదిలేది! నిజం చెప్తున్నాను, ఆ పూటలు నాకెంత హాయిగా ఉండేవో. ఇద్దరం ఒకే ముద్ద తింటున్నట్టుండేది.

ముక్కు మాత్రం తెరుచుకోలేదు. మెల్లగా పొయ్యి మీద ఆశ వదిలేసి చేతిపనుల్లో పడింది. మల్బరీ రసంలో నా తెల్ల చొక్కా ముంచి ఊదారంగు తెప్పించింది. మూడు ఉతుకులకు అది బూడిదరంగులోకి దిగింది. వర్క్‌షాపులో అందరూ దాన్ని ఇంజిన్ తుడిచే గుడ్డ అనుకున్నారు. తర్వాత కాలువలో పెరిగే జమ్ము ఆకులు కోసుకొచ్చి, పచ్చివి పచ్చిగానే బుట్ట అల్లింది. ఎండేసరికి ఆకులు ముడుచుకుని బుట్టంతా సందులు పడ్డాయి. "ముందు ఎండబెట్టి, తర్వాత తడిపి అల్లాల్సింది" అని తనే తల కొట్టుకుంది.

అంతలో క్యాంటీన్ యజమాని ఫోన్ చేశాడు. సోమవారం వస్తావా రావా, తేల్చి చెప్పమన్నాడు.

"రానని చెప్పేస్తాను, ఆదివారం సాయంత్రం. బుట్టలు అల్లుకుంటాను" అంది, చాలా మామూలుగా. పొయ్యి దగ్గర లేని మా ఆవిడ నా ఊహకు అందలేదు.

ఆదివారం పొద్దున్నే జమ్ము కోసం ఇద్దరం ఊరి చివర కాలువకు వెళ్లాం. ఊళ్లో మురుగంతా చేరేది అందులోకే. గట్టు మీద నిలబడి అందినంత కోద్దామంది ఆవిడ. నాకు ఆగుతుందా? పొడుగాకులన్నీ లోపలున్నాయి.

"వద్దండీ, జారుతుంది."

"నాకు తెలీదా?" అంటూ కాలు పెట్టాను. మోకాలి దాకా నల్లటి బురదలోకి దిగబడిపోయాను.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే చెయ్యిచ్చి లాగింది. ఇంత మనిషిని లాగడం మాటలా! చెప్పొకటి కాలువకిచ్చేసి గట్టు మీద బోర్లా పడ్డాను. ఆవిడ నా పక్కన చతికిలబడి, ఉన్నట్టుండి మొహం చిట్లించింది.

"ఛీ! అవతలికి జరగండి. ఏమిటా కంపు?"

"బురదే మరి, అత్తరు పూసుకొస్తారా ఎవరైనా..." అంటూ ఆగిపోయాను.

ఆవిడా ఆగిపోయింది. చేత్తో నోరు మూసుకుంది. నేను లేచి కూర్చుని, మెల్లగా కాలు ఆవిడ ముందుకు జరిపాను. ఆవిడ వంగి, నా ప్యాంటు అంచు రెండు చేతులతో పట్టుకుని, ముక్కు దగ్గరగా పెట్టి పీల్చింది. వాంతి చేసుకోబోయింది. మళ్లీ పీల్చింది. ఏడుస్తూ నవ్వుతూ, "కంపండీ... అబ్బ, భరించలేని కంపు!" అంది.

నాకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కాసేపటికి తేరుకుని, కాలు కడుక్కుందామని గట్టు అవతలి కుళాయి వైపు లేచాను.

"అప్పుడే కడుక్కోకండి" అంది నా చెయ్యి పట్టుకుని. "ఇంటిదాకా ఇలాగే రండి."