నాలుగు వేళ్లు పైకెక్కిన కొలబద్ద

ఇరవై రెండేళ్లుగా ఈ రేవులో సముద్రం ఎత్తు చూసి రాసేది నేను. స్తంభానికి బిగించిన కొలబద్ద మీద నీళ్లు ఏ గీతను తాకాయో చూసి, పుస్తకంలో ఎక్కించి, సంతకం పెడతాను. ఆ సంతకమే ఇప్పుడు మా అక్క కొంప మీదికి వచ్చింది.

అక్కావాళ్ల వీధి నీళ్లకు ఆనుకుని ఉంటుంది. గడప దాకా వచ్చి పోయే సముద్రం పోయినేడు వంటింట్లోకి వచ్చింది. అడ్డంగా గోడ కడతామని సర్కారువాళ్లన్నారు. మొన్న, అక్కర్లేదని ఉత్తరం వచ్చింది. మూడు నెలలుగా సముద్రం తగ్గిందట. రుజువు నా పుస్తకమేనట.

"నీ సముద్రం తగ్గితే నా పొయ్యి కింద నీళ్లెక్కడివే?" అంది అక్క. నాకు తల కొట్టేసినట్టయింది.

ఉపగ్రహం లెక్కలు చూసే ఇంజనీరమ్మకు ఫోన్ చేశాను.

"పైనుంచి కొలిస్తే ఏమీ తగ్గలేదండీ. ఇన్నేళ్లలో మీ కొలతకీ మా కొలతకీ ఇంత తేడా ఎప్పుడూ రాలేదు. బద్ద కదిలిందేమో చూడండి" అంది.

బద్ద ఎంత ఎత్తులో ఉండాలో సరిచూసుకోడానికి ఒడ్డున రాతిలో దిగేసిన ఇత్తడి గుర్తు నుంచి కొలిచి చూశాను. బద్ద నాలుగు వేళ్లు పైకుంది. పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని మూడు నెలల కిందట దాన్ని ఊడదీసి, రంగేసి, తోచినచోట బిగించారు. బద్ద పైకెళితే అంకె కిందికి రాదూ? ఆపాటి గమనించనందుకు ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత పుస్తకం పట్టుకుని రేవు అధికారి గదికి వెళ్లాను.

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు విన్నాడు.

"సరేలే, వచ్చే నెల నుంచి సరిచేద్దాం."

"మరి ఈ మూడు నెలలు?"

"ఆ ఫైలు మూసేశారమ్మా. ఇప్పుడు తవ్వితే రంగు వేయించినవాడెవడని అడుగుతారు."

వేయించింది ఆయనే.

"మా అక్క ఇంట్లోకి నీళ్లొస్తున్నాయండీ."

"సంతకం నీది. తప్పని రాస్తే ముందు పోయేది నీ ఉద్యోగం. ఆలోచించుకో."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన బల్ల మీదే పుస్తకం తెరిచి, వారానికో పేజీ చొప్పున ఆ మూడు నెలల పదమూడు పేజీల మీదా అడ్డంగా రాశాను: 'ఈ అంకెలు తప్పు. బద్ద నాలుగు వేళ్లు ఎత్తులో బిగించారు.' ప్రతి పేజీకీ సంతకం పెట్టి, ఫొటో తీసి, గోడ సంగతి చూసే ఆఫీసుకూ ఇంజనీరమ్మకూ పంపాను.

"రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడాయన, పుస్తకం లాక్కుంటూ.

"రేపటి నుంచి కదా. ఇవాళ్టికింకా ఉద్యోగంలోనే ఉన్నాను. బోల్టులు విప్పడానికి ఓ పానా ఇప్పించండి, బద్ద కిందికి దించి పోతాను."