మసి అంటని రేకు

విసాపూర్ దాటి ఊర్జానగర్ వైపు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, ముళ్లకంచె వేసిన ఒక బయలు ఉంది. అందులో చెట్టూ చేమా ఏమీ లేవు. నడుమెత్తు ఇనుప చట్రాలు వరుసలుగా పాతి ఉంటాయి. వాటి మీద తలుపు రెక్కంతేసి రేకులు దక్షిణానికి వాలి ఎండలో పడి ఉంటాయి. ఒక్కో రేకు మీద ఒక్కో కంపెనీ రంగు. చుట్టుపక్కల వాళ్లు దాన్ని రేకుల తోట అంటారు.

ఆ తోట బాధ్యత సుభాషిణిది. ఆమె బల్లార్‌పూర్ బొగ్గు గనుల బస్తీలో పుట్టి పెరిగింది. నాగపూర్‌లోని ఒక మదింపు మండలిలో పనిచేస్తుంది. ఇంటి కప్పుకు వేస్తే వేడి తగ్గుతుందని చెప్పి రంగులు, రేకులు, పెంకులు అమ్మే కంపెనీలు బోలెడు. ఎవరి సరుకు వాళ్లకు బంగారమే. అందుకని ఏ కంపెనీకీ చెందని ఈ మండలి, తన మనిషినే గోదాముకు పంపి, తనకు తోచిన డబ్బాను ఎత్తించి, బయటి ప్రయోగశాలలో కొలిపిస్తుంది. మీద పడిన ఎండలో ఎంత వెనక్కి తిప్పికొడుతుంది, పీల్చుకున్న వేడిని ఎంత త్వరగా వదిలేస్తుంది అన్నవి రెండు అంకెలు. వాటిని అందరికీ కనబడేలా ప్రకటిస్తుంది. ఇది కొనండి, అది కొనకండి అని మాత్రం చెప్పదు.

అయితే కొత్త రంగు ఎవరిదైనా తెల్లగానే మెరుస్తుంది. అందుకే రేకులను మూడేళ్లు బయట వదిలేసి మళ్లీ కొలుస్తారు. సముద్రపు గాలి తగిలే చోట ఒకటి, దుమ్ములేని కొండ మీద ఒకటి, ఎండా మసీ రెండూ దండిగా ఉన్న చంద్రపూర్‌లో ఒకటి. ఆ మూడింటి సగటే ఆ సరుకు అసలు బండారం. ఆ మూడేళ్లూ రేకు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. బూడిద రాలితే రాలనివ్వాలి, పిట్ట రెట్ట వేస్తే ఎండనివ్వాలి.

కిందటి ఎండాకాలం ఆ తోటలోనే కాపలాదారు సదానందం చనిపోయాడు. మంచిర్యాల వైపు నుంచి పడుచుతనంలో వచ్చి బల్లార్‌పూర్ బాయిల్లో బొగ్గు తవ్విన మనిషి. పని నుంచి దిగిపోయాక ఖాళీగా కూర్చోలేక ఈ కాపలాకు ఒప్పుకున్నాడు. గేటు దగ్గర అతని కోసం పెట్టిన రేకు గది మే నెలలో రొట్టెల పొయ్యిలా ఉండేది. బయట నిలబడదామంటే నీడ లేదు. అందుకని మధ్యాహ్నాలు ఏదో ఒక రేకు కిందికి దూరి కూర్చునేవాడు. ఆ రోజు మూడో వరుసలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. దవాఖానాకు మోసుకుపోతే వడదెబ్బ అన్నారు.

అతని స్థానంలో వచ్చిన మారుతి విసాపూర్ కుర్రాడే, పెళ్లయినవాడు, భయస్తుడేమీ కాదు. అయినా మిట్టమధ్యాహ్నం కంచె లోపలికి అడుగు పెట్టనని పనిలో చేరిన కొద్దిరోజులకే ఫోన్ చేసి చెప్పేశాడు. సుభాషిణి మందలించబోతే అతను కూడా పట్టుదలకు పోయాడు.

"తాయీ, మూడో వరుస కింద మనిషి దగ్గు ఇనవడ్తది. ఒంగి చూస్తే ఎవ్వలుండరు. పగార్ల కోసుకో, నేనేమన. ఆ టైంకు మాత్రం లోపలికి పోను."

సుభాషిణి నవ్వి ఊరుకుంది. కానీ ఫోన్ పెట్టేశాక ఆ దగ్గు ఆమెకు తన చెవిలోనే వినబడింది. బాయిలో పనిచేసిన వాళ్ల దగ్గు ఎలా ఉంటుందో ఆ బస్తీలో పుట్టినదానికి ఒకరు చెప్పాలా? గొంతులో మొదలై, ఎక్కడో కడుపు అడుగున తగిలి, సగంలో ఆగిపోతుంది.

ఈ మే నెలలో మూడో వరుసకు గడువు నిండింది. రేకులు విప్పి ప్రయోగశాలకు పంపడానికి సుభాషిణి పొద్దున్నే వచ్చింది. మూడేళ్ల మసితో అన్ని రేకులూ బూడిదరంగుకు తిరిగి ఉన్నాయి. మధ్యలో ఒక్కటి మాత్రం నిన్ననే రంగు వేసినట్టు తెల్లగా ధగధగలాడుతోంది. సదానందం ఏ రేకు కింద పడి ఉన్నాడో ఆ రేకే అది.

ఆమెకు ముందు దయ్యం గుర్తుకు రాలేదు, ప్రమోద్ గుర్తొచ్చాడు. ఆ రంగు తయారుచేసే కంపెనీ తరఫు మనిషి. ఫలితం ఎప్పుడొస్తుందని మర్యాదగానే అయినా వారం వారం ఫోన్ చేస్తుంటాడు. ఎవరికో నాలుగు డబ్బులిచ్చి కడిగిస్తున్నాడని ఆమె నిశ్చయానికి వచ్చేసింది. మారుతిని నిలదీసింది. అతను తన పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. పొద్దునా సాయంత్రం తాను తోటంతా తిరుగుతానని, అప్పుడు ఎవరూ రారని, ఆ తెలుపు రంగు గొప్పే అనుకున్నానని, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతాను కనుక ఆ సంగతి మాత్రం తనకు తెలియదని చెప్పాడు. సరే, మధ్యాహ్నమే చూద్దామని సుభాషిణి గేటు గదిలో కూర్చుంది.

ఎండ ముదిరేకొద్దీ లోకం ఒక్కో చప్పుడునే వదిలేస్తూ వచ్చింది. మొదట పిట్టలు ఆగాయి. తర్వాత రోడ్డు మీద బొగ్గు లారీలు పలచబడ్డాయి. చివరికి వేడికి రేకులు సాగుతూ టిక్కు టిక్కుమనడం ఒక్కటే మిగిలింది. దూరంగా కరెంటు కేంద్రం పొగగొట్టాలు ఎండమావిలో కిందనుంచి కరిగిపోతున్నట్టు కనిపించాయి. తడి గుడ్డ తలకు చుట్టుకుని, కిటికీలోంచి ఆమె మూడో వరుస వైపే చూస్తోంది.

అప్పుడు దగ్గు వినబడింది.

సుభాషిణి లేచి బయటికి వచ్చింది. వరుసల మధ్య నడుస్తుంటే చెప్పుల కింద నేల పెనంలా కాలుతోంది. మే నెలలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కనుక ఏ రేకు నీడ ఆ రేకు కిందే నల్లగా, చాప పరిచినట్టు పడి ఉంది. తెల్లరేకు దగ్గరికి వస్తూ ఆమె ఆగిపోయింది. నీడ అంచు దాటి రెండు పాదాలు ఎండలోకి వచ్చి ఉన్నాయి. పగిలిన మడమలు, బొటనవేలి పక్కన పాత దెబ్బ మచ్చ. ఆమె చూస్తుండగానే ఆ పాదాలు, ఎండ సోకి చురుక్కుమన్నట్టు, మెల్లగా నీడలోకి ముడుచుకున్నాయి.

ఒంగి చూడడానికి ఆమెకు చాలాసేపు ధైర్యం చాలలేదు. చూస్తే కింద ఎవరూ లేరు. ఎండిన మట్టి ఉంది, అంతే.

ఆమె ఇంకా ఒంగి ఉండగానే వెనకాల గాజుల చప్పుడైంది. కంచెలో సడలిన చోట తీగ పైకెత్తి ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. నెత్తిన చెంగు, ఒక చేతిలో చిన్న బిందె, మరో చేతిలో పాత ధోవతి గుడ్డ. సదానందం భార్య సారక్క. సుభాషిణిని చూసి ఆమె తత్తరపడలేదు. బిందె దించి, గుడ్డ తడిపి, రేకు తుడవడం మొదలుపెట్టింది. నుదురు, చెంపలు, మెడ తుడిచినట్టు పైనుంచి కిందికి, ఓపికగా తుడిచింది.

"పెద్దమ్మా, దినాం తుడుస్తున్నది నువ్వేనా?" అంది సుభాషిణి.

"ఇంకెవలు తుడుస్తరు బిడ్డా. కింద ఆయన కూసుంటుండు గదా."

సారక్క గుడ్డ పిండి మళ్లీ తడిపింది.

"మసి వడితే రేకు ఎండను గుంజుకుంటదంట, ఆ వేడి కిందికి దిగుతదంట. నువ్వే చెప్పినవంట ఆయనకు. ఇంటికొచ్చి ముచ్చటగా నాకు చెప్పిండు. బాయిల చేసినన్ని ఏండ్లు మసిల్నే బతికిండు బిడ్డా. సచ్చినంక గూడ మసి కిందనే కూసోమంటవా?"

ఆ మాట నిజమే. చేరిన కొత్తలో సదానందం రేకులను ఎందుకు కడగొద్దో అడిగితే సుభాషిణే విడమర్చి చెప్పింది. అదే మాట ఇలా తిరిగి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

నువ్వు ఆయనను చూశావా అని సుభాషిణి అడిగింది. లేదని, దగ్గు వింటున్నానని, పెళ్లయిన నాటినుంచి విన్న దగ్గు తనకు తెలియదా అని సారక్క అంది. అప్పుడు సుభాషిణి, దాచడం పాపమనిపించి, తాను చూసిన పాదాల సంగతి చెప్పింది. సారక్క చెయ్యి రేకు మీదే ఆగిపోయింది.

"చెప్పులున్నయా కాళ్లకు?"

"లేవు పెద్దమ్మా."

"గదే అనుకున్న," అంది సారక్క. "చెప్పులు దవాఖాన్ల పోయినయి."

పని ముగించి, బిందెలో మిగిలిన నీళ్లు చట్రం కింద మట్టిలో ఒలకబోసి వెళ్లిపోయింది.

సుభాషిణి ఆ సాయంత్రం నాగపూర్‌కు ఉన్నదున్నట్టు నివేదిక రాసి, పంపేముందు ప్రమోద్‌కు కూడా కబురు చేసింది. ఈ రేకును మనిషి చేత్తో పలుమార్లు తుడిచారు, కనుక ఇక్కడి కొలత చెల్లదు, ఇందులో కంపెనీ వాళ్ల చెయ్యేమీ లేదు. మర్నాడు ప్రమోద్ కారు వేసుకుని వచ్చాడు. ఆమె అనుకున్నంత చెడ్డవాడు కాదు, నిజంగానే నివ్వెరపోయాడు. తన తప్పు లేకుండా తన సరుకును మళ్లీ మొదటికి తేవడమేమిటని వాపోయాడు. వానకు కూడా రేకు కడుక్కుపోతుంది కదా, దుఃఖంలో ఉన్న ఒక ముసలామె తుడిస్తే మాత్రం ఏమైందని అడిగాడు. ఊరుకుంటే కొలత మంచిగానే వస్తుంది, మనిద్దరికి తప్ప ఎవరికీ తెలియదని కూడా, ఎటో చూస్తూ, అన్నాడు.

అలా ఊరుకుంటే ఏమవుతుందో సుభాషిణికి కళ్లకు కట్టినట్టు ఉంది. ఆ అంకెను నమ్మి ఘుగ్గుస్‌లోనో, బల్లార్‌పూర్ బస్తీలోనో ఎవరో తమ రేకు ఇంటికి ఆ రంగు కొట్టిస్తారు. మొదటి ఎండాకాలం చల్లగానే ఉంటుంది. తర్వాత మసి పడుతుంది. వాళ్ల కప్పు ఎక్కి తుడవడానికి ఏ సారక్కా రాదు. ఆ మాటే అతనితో చెప్పింది. అతను కొంతసేపు తెల్లరేకును చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆమె నివేదిక పంపేసింది.

రేకు విప్పే రోజున సుభాషిణి సారక్కను పిలిపించింది. ఇక్కడ కొత్త రేకు వేస్తారని, దాన్ని ముట్టకూడదని, ఎందుకో కూడా చెప్పింది. సారక్క అన్నీ విన్నది. మరి ఆయన ఎక్కడ కూర్చోవాలని ఒక్కటే అడిగింది. చెల్లకుండా పోయిన రేకు మండలికి ఇక దేనికీ పనికిరాదు కనుక దాన్ని సుభాషిణి మారుతి చేత మోయించి, విసాపూర్‌లో సారక్క ఇంటి గుమ్మం మీద చూరుగా కట్టించింది. ఇప్పుడు ఎంత తుడుచుకున్నా అడిగేవాళ్లు లేరు. సారక్క ఆ చూరు కింద చాప వేసింది. చాప పక్కన కొత్త చెప్పుల జత పెట్టింది.

వానలు వచ్చి పోయాయి, చలి వచ్చి పోయింది. చంద్రపూర్ వచ్చినప్పుడల్లా సుభాషిణి ఆ ఇంటికి వెళ్లేది. ప్రతిసారీ సారక్క టీ చేతికిచ్చి, అడగకముందే చెప్పేది.

"రాలే బిడ్డా. ఈ ఇంటికి తొవ్వ మర్సిపోయినట్టున్నడు."

మార్చి ఆఖరుకు మళ్లీ ఎండలు మండాయి. మూడో వరుసలోని కొత్త రేకు అప్పటికే పలచగా నల్లబడింది. ఒక మధ్యాహ్నం సుభాషిణి గేటు దగ్గర నిలబడి ఉండగా దగ్గు వినబడింది. మూడో వరుసలో ఒకసారి, కాసేపటికి నాలుగో వరుసలో, తర్వాత ఇంకా లోపల ఎక్కడో. చల్లని చోటు వెతుక్కుంటూ ఒక మనిషి చట్రం నుంచి చట్రానికి మారుతున్నట్టుగా ఉంది. ఆమె చేతిలో నీళ్ల సీసా ఉంది, మెడలో చున్నీ ఉంది. రెండడుగులు వేసి తడిపి తుడిస్తే ఎంతసేపని? కానీ ముట్టకూడదని సారక్కకు చెప్పింది తానే. దగ్గు దూరమైపోయేదాకా వింటూ నిలబడి, తర్వాత గదిలోకి వెళ్లి ముఖం కప్పుకుని ఏడ్చింది.

ఏడ్చి లేచాక, ఇన్నేళ్లుగా తన కళ్లెదుటే ఉన్నది అప్పుడు కనబడింది. ఇంత బయలులో మనిషి నిలబడే నీడ ఒక్కటీ లేదు. రేకుల మీద నీడ పడకూడదన్న నియమం ఉందని ఎవరూ దాని జోలికే పోలేదు. ఉత్తరం కొసన, రేకులకు దూరంగా వేస్తే ఏ కాలంలోనూ ఆ నీడ రేకులను తాకదని లెక్క చూసుకుని, నాగపూర్‌కు అర్జీ పెట్టింది. కాపలాదారుకు పందిరి కావాలని రాసింది. వాళ్లు ఒప్పుకున్నారు. ఏ కాపలాదారుకో వాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు.

మారుతీ సుభాషిణీ కలిసి వెదురు గుంజలు పాతి, టేకాకు మందంగా కప్పి, పందిరి వేశారు. ఎర్రమట్టి అలికి, ఒక మూల కుండతో నీళ్లు పెట్టారు. సారక్క ఇంటినుంచి చాప తెచ్చింది.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ పందిరి కింద కూర్చున్నారు. బయట రేకులు టిక్కుమంటున్నాయి. మారుతి చాలాసేపు చెవులు రిక్కించి కూర్చుని, నిద్ర ముంచుకొచ్చి గుంజకు ఆనుకుని కునుకు తీశాడు. రేకుల వైపు ఎక్కడా దగ్గు లేదు. సుభాషిణి కాళ్లు బారజాపుకోబోతుంటే సారక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. చాప అంచుకు తాను జరిగి, కొంగుతో పక్కన ఖాళీ అయిన చోటు దులిపి, అటు చూడకుండా కూర్చుంది. సుభాషిణి కాళ్లు దగ్గరికి తీసుకుంది.